రెండు స్టార్లు వచ్చాయి సరే, నీ కింద ఎంతమంది?

డెహ్రాడూన్‌లోనో చెన్నైలోనో పాసింగ్ ఔట్ పరేడ్ ముగించుకుని, భుజానికి రెండేసి స్టార్లతో మొదటి సెలవుకి కావలికో కందుకూరుకో దిగిన కుర్రాడిని ఊళ్ళో అందరూ అడిగేది ఒక్కటే. "ఏందబ్బయా, నీ కింద ఎంతమంది?" అడిగేవాళ్ళ తప్పేమీ లేదు. ఎస్సై అంటే ఒక స్టేషను, తహసీల్దారు అంటే ఒక మండలం, హెడ్మాస్టరు అంటే ఒక బడి, అలా కంటికి కనపడే లెక్క ఉంటుంది కాబట్టి లెఫ్టినెంట్ అన్నాక కనీసం వందమంది జవాన్లు సెల్యూట్ కొడుతూ ఉంటారని అనుకోవడం సహజం. కుర్రాడు నవ్వేసి ఏదో ఒక అంకె చెప్తాడు. అసలు జవాబు చెప్తే ఇంట్లోవాళ్ళ మొహాలు చిన్నబోతాయని భయం. ఆ రోజుకి అతని కింద ఎవరూ లేరు. సెలవు అయిపోయి యూనిట్‌కి వెళ్ళాక కూడా వెంటనే ఉండరు. కొన్ని నెలలదాకా, ఒక్కోచోట ఇంకా ఎక్కువ కాలం, 'ఇది నీది, ఇక నువ్వే చూసుకో' అని ఎవరూ ఏదీ పూర్తిగా అప్పగించరు.

ఈ మధ్యకాలం గురించి బయట ఎవరూ మాట్లాడరు. కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద ఫొటో పడేదాకా ఒక కథ, మేజరో కల్నలో అయ్యాక ఇంకో కథ. మధ్యలో ఉన్న ఈ ఎదురుచూపే లెఫ్టినెంట్‌ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఎందుకంటే అక్కడిదాకా వచ్చిన దారంతా అతనికి నేర్పింది వేరే. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ)లో మూడేళ్ళు, ఆపైన డెహ్రాడూన్ ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ)లో ఏడాది చేసి వచ్చినవాడైనా, డిగ్రీ అయ్యాక సీడీఎస్ అనే రాతపరీక్ష రాసి ఐఎంఏలో పద్దెనిమిది నెలలు గడిపినవాడైనా, చెన్నై ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ)లో 49 వారాల శిక్షణ తీసుకున్నవాడైనా, ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ మీద రాతపరీక్ష లేకుండా ఇంటర్వ్యూకి వెళ్ళినవాడైనా అందరూ ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డు) గుమ్మం దాటాల్సిందే. ఐదు రోజుల ఆ పరీక్షలో 'కమాండ్ టాస్క్' అని ఒకటి ఉంటుంది. అభ్యర్థిని కమాండర్‌గా నిలబెట్టి, తోటివాళ్ళలో ఇద్దరిని సహాయకులుగా ఎంచుకోమని, పలకలూ తాళ్ళూ ఇచ్చి అడ్డంకి దాటించమంటారు. అంటే ఇంకా సైన్యంలో చేరకముందే అతను ఒక పావుగంట కమాండర్. అకాడమీలోనూ అంతే, వంతులవారీగా నాయకత్వం, క్యాడెట్ హోదాలు. నువ్వు లీడర్‌వి, లీడర్‌వి అని ఏళ్ళ తరబడి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పి, తీరా నిజం స్టార్లు తగిలించాక 'కాస్త ఆగు' అంటే ఎట్లా ఉంటుంది? ఐఎంఏ చెట్‌వుడ్ హాల్లో చెక్కిన మాటల్లో ముందు దేశం, తర్వాత నువ్వు నడిపించే మనుషులు, నీ సుఖం చిట్టచివర అని వరస ఉంటుంది. పాసై వచ్చినవాడికి దేశం ఉంది, తను ఉన్నాడు. ఆ మధ్యలోవాళ్ళే ఇంకా రాలేదు.

ముందు లెక్క చూద్దాం. ఇన్‌ఫాంట్రీ (పదాతి దళం) బెటాలియన్‌లో నాలుగు రైఫిల్ కంపెనీలు, కంపెనీకి మూడు ప్లటూన్లు, ప్లటూన్‌కి మూడు సెక్షన్లు. సెక్షన్‌లో పదిమంది వరకు. ప్లటూన్ అంటే ముప్పై పైచిలుకు, కంపెనీ అంటే నూట ఇరవై దాకా మనుషులు. కొన్ని దేశాల సైన్యాల్లో కొత్త లెఫ్టినెంట్‌కి నేరుగా ప్లటూన్ ఇస్తారు. మన దగ్గర మామూలుగా ఆ ప్లటూన్ ముందు నిలబడేది నాయబ్ సుబేదారో సుబేదారో, అంటే జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్). సిపాయిగా చేరి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్ మెట్లన్నీ ఎక్కి, రెండు దశాబ్దాలు ఆ మనుషుల మధ్యే బతికి వచ్చినవాడు. ఇక కంపెనీ చూస్తే అది మేజర్ స్థాయి పని. మేజర్ కావాలంటే ఆరేళ్ళ సర్వీసు ఉండాలి. లెఫ్టినెంట్‌కి రెండేళ్ళకి కెప్టెన్ ర్యాంకు, ఆరేళ్ళకి మేజర్, పదమూడేళ్ళకి లెఫ్టినెంట్ కల్నల్, ఇవన్నీ కాలంతోపాటు వస్తాయి (పరీక్షలు పాసవ్వాలి, అది వేరే తలనొప్పి). ఇంతకీ ప్లటూన్‌లో జేసీవో ఉన్నాడు, కంపెనీలో మేజర్ ఉన్నాడు, మరి లెఫ్టినెంట్ ఎక్కడ కూర్చోవాలి? కాగితం మీద 'కంపెనీ ఆఫీసర్' అని ఉంటుంది. ఆ మాటకి అర్థం ఏంటో ఏ రెండు యూనిట్లలోనూ ఒకేలా ఉండదు.

ర్యాంకు వేరు, అపాయింట్‌మెంట్ వేరు అన్న తేడా ఊళ్ళోవాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదు. ర్యాంకు భుజం మీద ఉంటుంది. అపాయింట్‌మెంట్ అంటే ఇదిగో ఈ మనుషులు, ఈ ఆయుధాలు, ఈ రిజిస్టర్లు, వీటికి జవాబుదారీ నువ్వు అని రాసివ్వడం. మొదటిది పరేడ్ గ్రౌండ్‌లో ఒక్క ఉదయంలో వచ్చేస్తుంది.

ఈ ఏర్పాటు ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే ఎదురుచూపుకి సగం అర్థం దొరుకుతుంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో సైన్యంలో ఆఫీసర్లు తెల్లవాళ్ళు, సిపాయిలు మనవాళ్ళు. దొరకి సిపాయి భాష రాదు, సిపాయికి దొర భాష రాదు. మధ్యలో ఇద్దరికీ తెలిసిన ఒక మనిషి కావాల్సి వచ్చి సుబేదార్, జమేదార్ హోదాలు నిలబడ్డాయి, వాళ్ళని వైస్రాయ్ కమిషన్డ్ ఆఫీసర్లు అనేవాళ్ళు. ప్లటూన్ వాళ్ళ చేతుల్లో. ఇప్పటి జేసీవోలు ఆ వరసలోవాళ్ళే. తర్వాత భారతీయులని కూడా ఆఫీసర్లుగా తీసుకోక తప్పనప్పుడు 1923లో ఎనిమిది యూనిట్ల పథకం అని ఒకటి తెచ్చారు. ఇండియన్ ఆఫీసర్లందరినీ ఆ ఎనిమిది యూనిట్లలోనే వెయ్యాలని. ఎందుకంటే తెల్ల ఆఫీసరు నల్ల ఆఫీసరు కింద పనిచేసే పరిస్థితి రాకూడదు. 1932లో డెహ్రాడూన్ అకాడమీ మొదలయ్యాక ఇంకో మెలిక పెట్టారు. ఇట్లాంటి యూనిట్లలో పాత సుబేదార్లని క్రమంగా తీసేసి, ఆ ప్లటూన్లని అకాడమీ నుంచి వచ్చిన మన కుర్రాళ్ళకి ఇవ్వడం మొదలుపెట్టారు. చూడటానికి బాగానే ఉంది కదా, వచ్చీరాగానే ప్లటూన్ దొరికింది. కానీ అప్పటి ఇండియన్ ఆఫీసర్లు దాన్ని అవమానంగానే తీసుకున్నారు. పక్క బెటాలియన్‌లో అదే వయసు తెల్ల లెఫ్టినెంట్ కంపెనీ స్థాయి పనులు చూస్తుంటే, మనవాడికి మాత్రం సుబేదార్ చేసే పని అప్పగించారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి సైన్యం ఒక్కసారిగా ఉబ్బిపోయాక ఆ పద్ధతి పోయింది, సుబేదార్లు మళ్ళీ ప్లటూన్లకి వచ్చారు.

ఆ రోజుల్లో ఎదురుచూపు ఇంకో రూపంలో కూడా ఉండేది. అకాడమీ నుంచి వచ్చిన ఇండియన్ ఆఫీసరు నేరుగా మన పల్టన్‌కి వెళ్ళేవాడు కాదు, ముందు ఏడాదిపాటు ఒక బ్రిటిష్ బెటాలియన్‌లో ఉండి రావాలి. మొదటి బ్యాచ్ నలభైమందిలో ఒకడైన శామ్ మానెక్‌షా కూడా లాహోర్‌లో రాయల్ స్కాట్స్ దగ్గర ఆ రోజులు గడిపి, తర్వాతే ఫ్రాంటియర్ ఫోర్స్ రెజిమెంట్‌లో తన బెటాలియన్‌కి చేరాడు. ఫీల్డ్ మార్షల్ అయినవాడు కూడా మొదట్లో వేరేవాళ్ళ ఇంట్లో అతిథిలా ఏడాది కూర్చున్నాడని ఈనాటి లెఫ్టినెంట్‌కి చెప్తే పెద్దగా ఓదార్పు దొరకదనుకోండి.

ప్రకాశం జిల్లాలో పొగాకు ఊళ్ళవాళ్ళకైతే జేసీవో సంగతి ఇంత చరిత్ర లేకుండానే అర్థమవుతుంది. ఆకు కోసి, కర్రలకి అల్లి, బ్యారన్‌లోకి ఎక్కించాక ఐదారు రోజులు మంట చూసుకోవాలి. మొదట ఆకు పసుపు తిరగాలి, తర్వాత ఆకు ఆరాలి, చివరికి ఈనె ఎండాలి. ఏ పూట ఎంత వేడి అన్నది గోడకి థర్మామీటర్ ఉన్నా సరే, రాత్రి రెండింటికి తలుపు సందులోంచి ఆకు చూసి, వాసన చూసి చెప్పే మనిషి ఒకడుంటాడు. రైతు కొడుకు అగ్రికల్చర్ బీఎస్సీ చదివి వచ్చి ఉండొచ్చు, బ్యారన్ అతనిదే, పొలం అతనిదే, వేలం కేంద్రంలో బేలు మీద ఉండేది ఆ ఇంటి పేరే. అయినా మొదటి ఏడు ఆ రాత్రుళ్ళు అతను చేయాల్సిన పని ఆ మనిషి పక్కన మంచం వేసుకుని కూర్చోవడం. తొందరపడి వేడి పెంచితే ఆకు పచ్చగానే నిలిచిపోతుంది, ధర పడిపోతుంది, ఆ నష్టం మంట పెట్టినవాడికి కాదు, బ్యారన్ గలవాడికి. అట్లాగని కొడుకు ఎప్పటికీ మంచం మీదే కూర్చుంటానన్నా కుదరదు. ఏదో ఒక రాత్రి ఆ పెద్దమనిషికి జ్వరం వస్తుంది.

కొత్త లెఫ్టినెంట్ యూనిట్‌కి చేరిన తొలి వారాలు దాదాపు ఆ మంచం మీద గడిచినట్టే. చాలా యూనిట్లలో ఆనవాయితీ ఏమిటంటే అతన్ని ఆఫీసర్స్ మెస్‌కి దూరంగా, జవాన్ల బ్యారక్‌లో పెడతారు. వాళ్ళతోపాటే పొద్దున్నే పీటీ, వాళ్ళతోపాటే లంగర్‌లో తిండి, రాత్రి సెంట్రీ డ్యూటీ, కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, ఆయుధాలు తుడవడం. సీనియర్ ఆఫీసర్లు కావాలనే కాస్త ఏడిపిస్తారు, అదీ ఆనవాయితీలో భాగమే. పైకి చూస్తే ఇది అహం దించే కార్యక్రమంలా కనిపిస్తుంది కానీ అసలు జరిగేది వేరు. బ్యారక్‌లో నలభైమంది జవాన్లు ఆ కొత్తవాడిని గమనిస్తుంటారు. పరుగులో ఎక్కడ ఆగాడు, ప్లేటు తనే కడుక్కున్నాడా, రాత్రి గార్డులో కునుకు తీశాడా, తెలియనిది తెలియదన్నాడా లేక తెలిసినట్టు నటించాడా. ఎస్‌ఎస్‌బీ ఐదు రోజులే, ఈ బోర్డు రోజంతా కూర్చుంటుంది, మార్కులు ఎవరికీ చెప్పదు.

ఇక్కడ నెల్లూరు, ఒంగోలు పిల్లలకి ఇంకో అదనపు ఇబ్బంది, హిందీ. స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్‌గా మార్కులు తెచ్చుకున్న హిందీ వేరు, జవాను రాత్రి తొమ్మిదింటికి తన పొలం తగాదా గురించి, ఇంటి దగ్గర అమ్మ జబ్బు గురించి చెప్పే హిందీ వేరు. పైగా అది హిందీ కాకపోవచ్చు కూడా. గూర్ఖా బెటాలియన్‌కి వెళ్తే నేపాలీ, సిఖ్ బెటాలియన్ అయితే పంజాబీ నేర్చుకోవాల్సిందే, జవాన్ల భాష రాని ఆఫీసరు అక్కడ ఆఫీసరే కాడు. మద్రాస్ రెజిమెంట్ వస్తే తెలుగు జవాన్లు దొరుకుతారు, అయినా తమిళం, మలయాళం చెవిన పడుతూనే ఉంటాయి. గిద్దలూరు వైపునుంచి తరతరాలుగా సైన్యంలోకి వెళ్తున్న కుటుంబాల్లో పిల్లలకి ఈ విషయంలో కొంచెం మేలు, ఇంట్లో తాతో బాబాయో హవల్దారుగా చేసి వచ్చి ఉంటాడు, 'లంగర్' (వంటశాల), 'ఫాలిన్' (వరసలో నిలబడటం), 'ఛుట్టీ' (సెలవు) లాంటి మాటలు ఇంట్లోనే నలిగి ఉంటాయి. పైగా ఆఫీసరు గురించి జవాను ఇంట్లో ఏమనుకుంటాడో వాళ్ళకి తెలుసు. బీటెక్ చేసి టెక్నికల్ ఎంట్రీలో వెళ్ళిన టౌను పిల్లాడికి ఆ రెండోది తెలియడానికే ఏడాది పడుతుంది.

బ్యారక్ వారాలు అయ్యాక మొదలయ్యేదే అసలు విసుగు. యంగ్ ఆఫీసర్స్ కోర్సుకి పిలుపు రావాలి. ఇన్‌ఫాంట్రీవాళ్ళకి మౌ, ఆర్టిలరీ (ఫిరంగి దళం)కి దేవ్‌లాలీ, ట్యాంకులవాళ్ళకి అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్). ఆ పిలుపు వచ్చేదాకా, వెళ్ళొచ్చాక ఖాళీ దొరికేదాకా, కమాండింగ్ ఆఫీసర్ (సీవో) చేతిలో ఉన్న రకరకాల పనులన్నీ యూనిట్‌లో అందరికన్నా జూనియర్ అయిన ఈ ఒక్కడి మీద పడతాయి. మెస్ లెక్కలు, వాలీబాల్ జట్టు, క్యాంటీన్ స్టాకు సరిచూసే బోర్డు, ఎక్కడో బండి గుద్దుకుంటే దాని మీద విచారణ, జవాన్లూ ఆఫీసర్లూ కలిసి తినే బడాఖానా విందు ఏర్పాట్లు, వచ్చే జనరల్ గారికి ప్రజెంటేషన్‌లో బొమ్మలు అతికించడం. రాత్రి డ్యూటీ ఆఫీసర్ ఎటూ తప్పదు. కొన్నాళ్ళకి ఇంటలిజెన్స్ ఆఫీసర్ అనో, అడ్జుటెంట్‌కి తోడు అనో పేరు పెడతారు. పేరు గొప్పదే, పని మాత్రం ఎక్కువగా కాగితాలు.

'అదంతా ట్రైనింగే' అని పెద్దవాళ్ళు అనే మాటలో సగమే నిజం. మెస్ సెక్రటరీగా చేసినవాడికి లెక్కలు వస్తాయి, రేషన్ ఎక్కడ కారిపోతుందో తెలుస్తుంది, కాదనలేం. విచారణ రాసినవాడికి రూల్ పుస్తకం తెరవడం అలవాటవుతుంది. కానీ ఆ పనుల్లో ఎక్కడా అతని మాట మీద ఒక మనిషి చలిలో బయటికి నడవాల్సిన అవసరం రాదు, అతని పొరపాటుకి ఇంకొకడి కాలు విరగదు. మనుషుల పక్కన పెట్టి ఎదురుచూడమంటే ఆ ఏడాది వృథా కాదు, ఎంత చిరాకైనా. అదే ఎదురుచూపు ఆఫీసు గదిలో, కంప్యూటర్ ముందు అయితే బయటికి రెండూ ఒకేలా కనపడతాయి, సర్వీసు రికార్డులో కూడా ఒకేలా ఉంటాయి. కానీ మొదటివాడు ప్లటూన్ పక్కన నిలబడ్డప్పుడు జవాన్ల పేర్లు, ఊళ్ళు, ఎవడికి మోకాలు నొప్పి, ఎవడికి చెల్లెలి పెళ్ళి అప్పు అన్నీ తెలిసి నిలబడతాడు. రెండోవాడికి ఫాంట్ సైజులు తెలుసు. ఏ లెఫ్టినెంట్‌కి ఏది దక్కుతుందో నిర్ణయించేది పూర్తిగా ఆ యూనిట్ సీవో, కొంత ఆ యూనిట్ జేసీవోలందరిలో పెద్దవాడైన సుబేదార్ మేజర్. అంటే ఒక ఆఫీసర్ తొలి అడుగు ఎంత గట్టిగా పడుతుందన్నది చాలావరకు అదృష్టం మీద వదిలేసినట్టే. ఇది ఒప్పుకోవడానికి మన వ్యవస్థకి ఇష్టం ఉండదు.

అమెరికా సైన్యంలో ఇదే ఎదురుచూపు ఇంకో కారణంతో ఉంది. అక్కడ జేసీవో లేడు, సెకండ్ లెఫ్టినెంట్‌కే ప్లటూన్ ఇస్తారు, పక్కన ప్లటూన్ సార్జెంట్ అనుభవమంతా పట్టుకుని ఉంటాడు. చిక్కల్లా ఎక్కడంటే ఒక్కో బెటాలియన్‌కి వచ్చే లెఫ్టినెంట్లు ఎక్కువ, ఖాళీ అయ్యే ప్లటూన్లు తక్కువ. ముందున్నవాడు ఏడాదో ఏడాదిన్నరో చేసి దిగేదాకా కొత్తవాడు ఆపరేషన్స్ సెక్షన్‌లో అసిస్టెంట్‌గా స్లైడ్లు చేస్తూ గడపాలి. పద్దెనిమిది నెలలకి ఫస్ట్ లెఫ్టినెంట్ ర్యాంకు వచ్చేస్తుంది, ఇంకా ప్లటూన్ చూడనివాళ్ళు ఉంటారు. అక్కడ ప్లటూన్ చేశావా లేదా, ఎంతకాలం చేశావు అన్నది రికార్డులో కొట్టొచ్చినట్టు కనపడుతుంది కాబట్టి ఆ టెన్షన్ ఇంకో రకం, రేషన్ షాపు ముందు సంచి పెట్టి లైన్లో నిలబడ్డట్టు. తన వంతు వస్తుందని తెలుసు, ఎప్పుడో తెలియదు.

మన దగ్గర క్యూ అంత పొడుగు కాదు, కారణం మాత్రం గర్వపడాల్సింది కాదు. ఆఫీసర్ల కొరత. వేల సంఖ్యలో ఖాళీలు ఉన్నాయని ప్రభుత్వమే పార్లమెంటులో పలుసార్లు ఒప్పుకుంది. బెటాలియన్‌లో ఉండాల్సిన ఆఫీసర్లలో కొందరు కోర్సుల మీద, కొందరు డెప్యుటేషన్ మీద, ఒకరిద్దరు సెలవులో ఉంటారు. మిగిలిన కాసింతమందితో నడపాలి. అందుకే మేజర్ చేయాల్సిన కంపెనీ చాలాసార్లు తాత్కాలికంగా కెప్టెన్ చేతికి, ఒక్కోసారి లెఫ్టినెంట్ చేతికే వచ్చేస్తుంది. సరిహద్దుకి దూరంగా ఉండే పీస్ స్టేషన్‌లో అయితే రెండు వారాల ముచ్చట, మేజర్ సెలవు నుంచి రాగానే అయిపోతుంది. నియంత్రణ రేఖ మీద అలా కాదు. అక్కడ పోస్టులు కొండ కొండకి విడివిడిగా ఉంటాయి, మంచు పడ్డాక కిందికి దారి మూసుకుపోతుంది, ఆ పోస్టులో ఉన్న పాతిక ముప్పైమందికి ఎవరో ఒక ఆఫీసర్ ఉండాలి. నిన్న మెస్ లెక్కలు రాసిన కుర్రాడే రేపు పోస్ట్ కమాండర్. ఇక్కడ ఎదురుచూపు ముగియడానికి తేదీ, వేడుక ఏమీ ఉండవు. హెలికాప్టర్‌లోనో కాలినడకనో పైకి పంపుతారు, అంతే.

1999లో కార్గిల్ అప్పుడు ఈ గడువులన్నీ ఎగిరిపోయాయి. విజయంత్ థాపర్ అనే యువ ఆఫీసర్ 1998 డిసెంబర్‌లో రెండో రాజ్‌పుతానా రైఫిల్స్‌లో చేరాడు. 1999 జూన్ చివర్లో ద్రాస్‌లో నోల్ అనే కొండ మీద దాడిలో ముందుండి నడిపిస్తూ చనిపోయాడు. వయసు ఇరవై రెండు. చేరి ఆరు నెలలు. ప్రశాంతమైన రోజుల్లో అయితే ఆ ఆరు నెలలకి కోర్సు పిలుపు కోసం చూస్తూ ఉండేవాడు. అదే బెటాలియన్, అదే దాడిలో కంపెనీ కమాండర్‌గా వెళ్ళి తిరిగిరాని మేజర్ పద్మపాణి ఆచార్య మన హైదరాబాద్ మనిషి, మహావీర చక్ర. టైగర్ హిల్ మీద పద్దెనిమిదో గ్రెనేడియర్స్ ఘాతక్ ప్లటూన్‌ని తీసుకెళ్ళిన బల్వాన్ సింగ్ అప్పటికి లెఫ్టినెంటే. ఆ ప్లటూన్‌లోవాడే పరమవీర చక్ర పొందిన యోగేంద్ర సింగ్ యాదవ్.

ఘాతక్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. జేసీవో చేతిలో ఉండని ప్లటూన్ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌లో ఏదైనా ఉందంటే అదే. బెటాలియన్‌లో గట్టివాళ్ళని ఏరి కూర్చే చిన్న దాడి దళం అది, దానికి కమాండర్‌గా యువ ఆఫీసర్‌నే పెడతారు, మామూలుగా బెళగావిలో కమాండో కోర్సు చేసొచ్చినవాడిని. అందుకే లెఫ్టినెంట్ల కళ్ళన్నీ దానిమీదే. బెటాలియన్‌కి ఒక్కటే ఉంటుంది, ఆశపడేవాళ్ళు నలుగురైదుగురు, కాబట్టి ఇక్కడ మాత్రం మన దగ్గర కూడా అసలైన క్యూ ఉంది.

మిగతా ఆర్మ్స్‌లో, అంటే సైన్యంలోని ఇతర విభాగాల్లో, లెక్కలు వేరు. ట్యాంక్ రెజిమెంట్‌లో మూడు ట్యాంకుల ట్రూప్ కొత్త ఆఫీసర్‌కి తొందరగానే దొరుకుతుంది. ఆర్టిలరీలో ఆరు ఫిరంగుల బ్యాటరీకి మేజర్ ఉంటాడు కానీ గన్ పొజిషన్ ఆఫీసర్‌గా లెఫ్టినెంట్ నిలబడి ఫిరంగుల దగ్గర ఆర్డర్లు ఇస్తాడు. తప్పుడు లెక్క చెప్తే గుండు ఎక్కడ పడుతుందో అందరికీ వినపడుతుంది కాబట్టి అక్కడ బాధ్యత రాలేదన్న బెంగ ఎవరికీ ఉండదు. 2023 ఏప్రిల్‌లో చెన్నై ఓటీఏ నుంచి మొదటిసారి ఐదుగురు మహిళా ఆఫీసర్లు ఆర్టిలరీలోకి వెళ్ళారు. దానికన్నా ముందు, 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా, మహిళా ఆఫీసర్లకి కమాండ్ అన్న తలుపే మూసి ఉండేది. జవాన్లు ఆడ ఆఫీసర్ మాట వినరేమో అన్న వాదన కోర్టులో పెట్టారు, కోర్టు ఒప్పుకోలేదు. మగ లెఫ్టినెంట్ ఎదురుచూపుకి చివర ఒక తేదీ ఉంటుంది, వాళ్ళకి ఏళ్ళ తరబడి ఆ తేదీయే లేదు. ఇన్‌ఫాంట్రీ, ట్యాంకులు వాళ్ళకి ఇంకా తెరుచుకోలేదు.

షార్ట్ సర్వీస్‌లో వెళ్ళినవాళ్ళ లెక్క ఇంట్లోవాళ్ళు కూడా ఒకసారి వేసుకోవాలి. మన జిల్లాలనుంచి ఇంజనీరింగ్ చదివి ఆర్మీకి వెళ్ళేవాళ్ళలో ఓటీఏ దారి పట్టేవాళ్ళు చాలామందే ఉంటారు. ఒప్పందం పదేళ్ళు, కావాలంటే ఇంకో నాలుగు. పదేళ్ళలో మొదటి ఏడాదిన్నర, రెండేళ్ళు కోర్సులకీ చిల్లర పనులకీ పోతే మిగిలేది ఎనిమిది. బయటికొచ్చి ఉద్యోగం వెతుక్కునేటప్పుడు కంపెనీవాళ్ళు అడిగేది కూడా మళ్ళీ అదే ప్రశ్న, నీ కింద ఎంతమంది పనిచేశారు, ఎంతకాలం అని. పర్మినెంట్ కమిషన్‌వాడికి మాత్రం ఇది ఒక్కసారితో తీరేది కాదు. సూర్యాపేట నుంచి కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి వెళ్ళిన కల్నల్ సంతోష్ బాబు 2004లో కమిషన్ తీసుకుని, పదిహేనేళ్ళ సర్వీసు తర్వాత 2019 చివర్లో బిహార్ రెజిమెంట్ పదహారో బెటాలియన్ పగ్గాలు అందుకున్నాడు. ఆర్నెల్లు తిరిగేసరికి, 2020 జూన్‌లో, గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణలో చనిపోయాడు. లెఫ్టినెంట్‌గా ప్లటూన్ కోసం, కెప్టెన్‌గా కంపెనీ కోసం, ఆపైన బెటాలియన్ కోసం, అడుగడుక్కీ ఎవరో దిగాలి, ఎవరో ఎంపిక చెయ్యాలి. పైకి వెళ్ళేకొద్దీ ఖాళీలు తగ్గుతాయి, కల్నల్‌గా ఎంపిక కానివాళ్ళే ఎక్కువ.

కొత్తగా ఇంకో చిక్కు కూడా వచ్చింది. 2022 నుంచి సిపాయిలుగా చేరుతున్నది అగ్నివీరులు, నాలుగేళ్ళ సర్వీసు, చివర్లో పాతిక శాతం దాకానే ఉంచుకుంటారు. లెఫ్టినెంట్ ఏడాదిన్నర ఎదురుచూసి ఒక ప్లటూన్ మొహాలు గుర్తుపట్టేలోపు అందులో కొందరికి సగం సర్వీసు అయిపోతుంది. ఇంతకుముందు పదిహేను, పదిహేడేళ్ళు ఉండే సిపాయిని నెమ్మదిగా తెలుసుకున్నా సరిపోయేది. ఇప్పుడు ఆ నిదానం కుదరదు, ఆఫీసర్‌ని బ్యారక్‌లో ఎక్కువకాలం, ఆఫీసులో తక్కువకాలం ఉంచాల్సిన అవసరం ఇంకా పెరిగింది.

సుబేదార్ సాబ్‌తో సంబంధం గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. లెఫ్టినెంట్ జేసీవోని 'సాబ్' అంటాడు, జేసీవో లెఫ్టినెంట్‌ని 'సాబ్' అంటాడు. వయసులో తండ్రంతవాడు, ర్యాంకులో కింద. బయటివాళ్ళు దీన్ని చూసి ఇబ్బందికరం అనుకుంటారు కానీ మన ఊళ్ళలో కొత్త కోడలికీ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఉన్న పెద్ద పనిమనిషికీ మధ్య నడిచే మర్యాద ఇంతకన్నా తేలికేం కాదు. తెలివైన సుబేదార్ కుర్రాడు తప్పు చేస్తే జవాన్ల ముందు ఏమీ అనడు. సాయంత్రం టీ దగ్గర, 'సాబ్, పోయిన సీవో గారు అయితే ఇట్లా చేసేవారు' అని మొదలుపెడతాడు. పోయిన సీవో అలా చేశారో లేదో ఎవరికీ తెలియదు. తెలివైన లెఫ్టినెంట్ ఆరా తియ్యడు.

ఇక ఆ రోజు ఎలా వస్తుందంటే, చాలామందికి తారీఖు కూడా గుర్తుండనంత మామూలుగా వస్తుంది. మేజర్ కోర్సుకి వెళ్ళుంటాడు, కెప్టెన్‌ని ఇంకో పోస్టుకి పంపేసి ఉంటారు, సీవో ఫోన్లో రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తాడు. కోత్‌లో ఆయుధాలు లెక్కపెట్టి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, ఒక్క బయొనెట్ తేడా వచ్చినా సంతకం పెట్టకూడదు అన్నది మాత్రం అకాడమీలో చెప్పింది గుర్తుంటుంది. సాయంత్రం రోల్ కాల్‌కి జవాన్లు ఫాలిన్ అవుతారు. నిన్నటిదాకా లెఫ్టినెంట్ పక్కన నిలబడి వేరేవాళ్ళకి రిపోర్ట్ ఇస్తుంటే విన్న సుబేదార్, ఈరోజు నాలుగడుగులు వేసి నేరుగా అతని ముందుకొచ్చి సెల్యూట్ కొట్టి హిందీలో లెక్క అప్పజెప్తాడు. మొత్తం ఇంతమంది, సెలవులో ఇంతమంది, హాస్పిటల్‌లో ఒకడు, గార్డులో ఆరుగురు, మీ ముందు హాజరు డెబ్భై తొమ్మిది, సాబ్.